ఫ్లైట్ గంటే, మరి ఇంట్లో ఎన్నింటికి బయల్దేరాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు దూరం, సమయం లెక్క కట్టే పద్ధతి

హైదరాబాద్‌కి ఫ్లైట్‌లో ఎంతసేపు, దుబాయ్ ఎన్ని కిలోమీటర్లు, పలాస నుంచి ఎన్నింటికి బయల్దేరితే విమానం అందుతుంది అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. నెట్‌లో వెతికితే ఏదో ఒక అంకె దొరుకుతుంది. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకుంటే ఎక్కడో ఒకచోట దెబ్బతింటాం, ఎందుకంటే ఆ అంకెలో మన ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా ఉన్న రోడ్డు లేదు, సెక్యూరిటీ క్యూ లేదు, దిగాక బ్యాగ్ కోసం నిలబడే అరగంట లేదు.

కింద చెప్పిన వరుసలోనే చేసుకుంటూ వెళ్లండి. మొదటిసారి అరగంట పడుతుంది, తర్వాత ఐదు నిమిషాల పని.

1. లెక్కకు కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- టికెట్, లేదా కొనబోయే ఫ్లైట్ నంబరు
- ఎక్కే ఎయిర్‌పోర్ట్, దిగే ఎయిర్‌పోర్ట్ పూర్తి పేర్లు, టెర్మినల్ నంబర్లతో సహా
- అక్కడికి ఎన్నింటికల్లా చేరాలో ఆ సమయం (ఇంటర్వ్యూ, ముహూర్తం, హాస్పిటల్ అపాయింట్‌మెంట్, ఏదైనా సరే)
- విదేశం అయితే ఆ దేశానికీ మనకీ గంటల తేడా
- ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా పర్వాలేదు కానీ కాగితం మీద రాస్తే ఇంట్లో అందరికీ కనబడుతుంది.

2. ముందు ఏ ఎయిర్‌పోర్టో తేల్చుకోండి

నెట్‌లో ‘శ్రీకాకుళం – హైదరాబాద్ విమాన దూరం’ అని కొడితే సుమారు 580 కిలోమీటర్లు అని చూపించే సైట్లు ఉన్నాయి. అది శ్రీకాకుళం టౌన్ నుంచి హైదరాబాద్ సిటీకి గీసిన గీత. మనం ఎక్కే విమానం శ్రీకాకుళంలో లేవదు. విశాఖ ఎయిర్‌పోర్ట్ నుంచి శంషాబాద్‌కి కొలిస్తే సుమారు 510 కిలోమీటర్లే వస్తుంది. అంటే విమానం ఎగరని 70 కిలోమీటర్లు ఆ అంకెలో కలిసిపోయాయి, మనం రోడ్డు మీద వెళ్లాల్సిన 100 కిలోమీటర్లకు పైగా దూరం మాత్రం అందులో ఎక్కడా లేదు.

కాబట్టి ఊరి పేరుతో వెతకడం మానేసి ఎయిర్‌పోర్ట్ పేరుతో వెతకండి. విశాఖ ఎయిర్‌పోర్ట్‌కి టికెట్ మీద వీటీజెడ్ అని, హైదరాబాద్‌కి హెచ్‌వైడీ అని మూడక్షరాల కోడ్ ఉంటుంది.

భోగాపురం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడి లెక్కలన్నీ విశాఖ నగరంలో నేవీ వాళ్లతో కలిసి నడిచే పాత ఎయిర్‌పోర్ట్‌ని బట్టి వేశాను. మీ టికెట్ మీద భోగాపురం, అంటే అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం అని ఉంటే, గాల్లో దూరం పెద్దగా మారదు, ఎందుకంటే రెండు ఎయిర్‌పోర్ట్‌ల మధ్య నేరుగా ఉన్నది సుమారు 40 కిలోమీటర్లే. రోడ్డు లెక్క మాత్రం పూర్తిగా మారిపోతుంది: శ్రీకాకుళం నుంచి భోగాపురం సుమారు 60 కిలోమీటర్లు, విజయనగరం నుంచి పాతిక లోపే. మనవాళ్లకు దీనివల్ల మిగిలేది ఒక్కోసారి గంటకు పైనే. టికెట్ కొన్నాక ఎయిర్‌పోర్ట్ పేరు ఒకసారి, ప్రయాణానికి ముందురోజు మరోసారి చూసుకోండి.

ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లు భువనేశ్వర్‌ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి బరంపురం మీదుగా భువనేశ్వర్ 200 కిలోమీటర్ల లోపే ఉంటుంది, విశాఖ అంతకంటే దూరం. ఢిల్లీ, కోల్‌కతా వెళ్లేటప్పుడు రెండు చోట్ల నుంచీ ధర, సమయం పక్కపక్కన పెట్టి చూడండి.

3. దూరం కొలవడం

తేలిక పద్ధతి: కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, విశాఖ ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘మెజర్ డిస్టెన్స్’ ఎంచుకోండి, తర్వాత దిగే ఎయిర్‌పోర్ట్ మీద క్లిక్ చేయండి. ఫోన్‌లో అయితే వేలితో నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, దాని కింద అదే ఆప్షన్ ఉంటుంది. వచ్చేది నేల గుండ్రాన్ని లెక్కలోకి తీసుకున్న దూరం. ‘డైరెక్షన్స్’ నొక్కితే వచ్చేది రోడ్డు దూరం, అది ఇక్కడ అక్కర్లేదు.

చేత్తో కట్టి చూసుకోవాలనుకునేవాళ్లకి, ముఖ్యంగా పిల్లలకి చూపించాలంటే, ఇది బాగుంటుంది. విశాఖ ఎయిర్‌పోర్ట్ ఉత్తర అక్షాంశం 17.72, తూర్పు రేఖాంశం 83.22. శంషాబాద్ 17.23, 78.43.

- అక్షాంశాల తేడా 0.49. ఒక్కో డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి 54 కిలోమీటర్లు.
- రేఖాంశాల తేడా 4.79. మన ప్రాంతంలో రేఖాంశం డిగ్రీ 111 కంటే తక్కువ, సుమారు 106 కిలోమీటర్లు (111ని 17.5 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే వస్తుంది). అంటే 508 కిలోమీటర్లు.
- 54 వర్గం, 508 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 511.

పదో తరగతి పైథాగరస్ చాలు. అయితే 1,500 కిలోమీటర్లు దాటిన దూరాలకు ఇది వాడకండి, నేల వంపు వల్ల తేడా పెరుగుతూ పోతుంది. అమెరికా, ఆస్ట్రేలియా దూరాలకు యాప్‌నే నమ్మండి.

విశాఖ నుంచి కొన్ని దూరాలు, పది కిలోమీటర్లు అటూఇటూగా:

- హైదరాబాద్ 510
- చెన్నై 620
- బెంగళూరు 780
- ఢిల్లీ 1,360
- సింగపూర్ 2,900

హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550.

విమానాలను చూపించే యాప్‌లలో దూరం నాటికల్ మైళ్లలో ఉండొచ్చు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 275 అని చూసి హైదరాబాద్ ఇంత దగ్గరా అనుకుంటే పొరపాటే, 1.852తో గుణించి చూడండి.

4. దూరాన్ని సమయంగా మార్చడం

ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. జెట్ విమానం పైకి వెళ్లాక గంటకు 800 నుంచి 850 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. 510ని 850తో భాగించి 36 నిమిషాలు అంటారు. కానీ ఆ వేగం పైన మాత్రమే ఉంటుంది. రన్‌వే దాకా విమానం నేల మీద మెల్లగా వెళ్లాలి, ఎక్కడానికి, దిగడానికి వేగం తక్కువ, దిగే ముందు రాడార్ వాళ్లు చెప్పినట్టు చుట్టూ తిరిగి వరుసలో చేరాలి.

అందుకని ఈ సూత్రం వాడండి: కిలోమీటర్లను 800తో భాగించండి, వచ్చిన గంటలకు అరగంట కలపండి.

- హైదరాబాద్: 38 నిమిషాలు + 30 = గంటా 8 నిమిషాలు
- బెంగళూరు: 58 + 30 = గంటన్నర
- ఢిల్లీ: గంటా 42 + 30 = 2 గంటల 12 నిమిషాలు
- సింగపూర్: 3 గంటల 38 + 30 = 4 గంటల 8 నిమిషాలు

టికెట్ మీద దీనికంటే ఐదు, పదిహేను నిమిషాలు ఎక్కువే ఉంటుంది. ఎయిర్‌లైన్ వేసే సమయం విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రద్దీ ఉంటుందని కొంత ముందే కలిపి వేస్తారు, అందుకే ఒక్కోసారి ‘పది నిమిషాల ముందే దిగాం’ అని అనౌన్స్ చేస్తారు.

చిన్న ఫ్యాన్ రెక్కల విమానం, అంటే ఏటీఆర్ అయితే 800 బదులు 500 వేయండి. హైదరాబాద్‌కి గంటన్నర వస్తుంది. టికెట్ కొనేటప్పుడు విమానం రకం రాసి ఉంటుంది, అది చూడకుండా ఒకే రూటులో ఒకటి గంటా పది, ఇంకొకటి గంటన్నర ఎందుకని అయోమయపడొద్దు.

గాలి సంగతి కూడా ఉంది. ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే చోట్ల, ఉత్తర భారతం మీద చలికాలంలో ఇది గట్టిగా ఉంటుంది, పడమటికి వెళ్లే విమానం నెమ్మదిస్తుంది, తూర్పుకు వచ్చేది త్వరగా వస్తుంది. ఢిల్లీ నుంచి యూరప్ వెళ్లే సమయానికీ వచ్చే సమయానికీ తేడా అందుకే. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడపడం మొదలుపెట్టింది. దూరం పెరిగి సుమారు 15,300 కిలోమీటర్లయింది, అయినా వెనక గాలి తోడై సమయం తగ్గింది. దూరప్రయాణాల్లో కిలోమీటర్లను చూసి సమయం ఊహించకండి, టికెట్ మీది సమయమే తీసుకోండి. అటు సమయాన్ని ఇటు కూడా వేసేయొద్దు.

5. టికెట్ మీది గడియారం చదవడం

టికెట్ మీద బయల్దేరే సమయం ఇక్కడి గడియారం ప్రకారం, దిగే సమయం అక్కడి గడియారం ప్రకారం ఉంటాయి. రెండింటినీ నేరుగా తీసేస్తే తప్పు వస్తుంది.

ఉదాహరణకు హైదరాబాద్‌లో ఉదయం 4:20కి లేచి దుబాయ్‌లో 6:50కి దిగుతుందనుకోండి. చూడ్డానికి రెండున్నర గంటలు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కాబట్టి ఆ గంటన్నర కలపాలి: నాలుగు గంటలు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి రాత్రి 11:00కి లేచి మర్నాడు 5:40కి దిగితే, 6 గంటల 40 నిమిషాల్లోంచి రెండున్నర తీసేయాలి: 4 గంటల 10 నిమిషాలు.

పడమటి దేశమైతే కలపాలి, తూర్పు దేశమైతే తీసేయాలి. అమెరికాకి మాత్రం ఎండాకాలం, చలికాలం గంటలు మారతాయి: న్యూయార్క్ మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక.

ఇక అన్నిటికంటే ఎక్కువమంది విమానం పోగొట్టుకునే చోటు అర్ధరాత్రి టికెట్. గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రి వేళల్లోనే ఉంటాయి. టికెట్ మీద 15వ తేదీ, 00:40 అని ఉందనుకోండి. ఇంట్లో అందరూ ‘పదిహేనో తారీఖు రాత్రి ప్రయాణం’ అనుకుంటారు. 15 రాత్రికి వెళ్లేసరికి ఆ విమానం లేచి దాదాపు 24 గంటలవుతుంది. 00:40 అంటే 14 రాత్రి 12 దాటాక 40 నిమిషాలు. ఆ విమానం హైదరాబాద్ నుంచి అయితే 14 పొద్దున్నే శ్రీకాకుళంలో బయల్దేరాలి.

కాబట్టి 00:00 నుంచి 04:00 మధ్య ఉన్న ఏ టికెట్ కొన్నా, కాగితం మీద ఇలా రాసి గోడకు అంటించండి: ‘14, ఆదివారం. ఇంట్లో బయల్దేరేది ఉదయం ఇన్ని గంటలకు.’ తేదీ పక్కన వారం పేరు తప్పకుండా రాయండి. ఊళ్లో పెద్దవాళ్లకు తారీఖు కంటే వారమే గుర్తుంటుంది, తేడా ఉంటే వాళ్లే పట్టుకుంటారు.

టికెట్ మీద దిగే సమయం పక్కన +1 అని ఉంటే మర్నాడు దిగుతారని అర్థం. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు ఆ తేదీయే చెప్పండి.

‘నాన్‌స్టాప్’, ‘డైరెక్ట్’ ఒకటి కావు. మన శ్రీకాకుళం – విశాఖ నాన్‌స్టాప్ బస్సులాగే నాన్‌స్టాప్ విమానం మధ్యలో ఆగదు. డైరెక్ట్ అన్నది మధ్యలో ఒకచోట దిగి జనాన్ని ఎక్కించుకుని మళ్లీ లేవొచ్చు, నంబరు మాత్రం అదే ఉంటుంది. సమయంలో రెండు గంటల తేడా రావచ్చు.

6. ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా

శ్రీకాకుళం నుంచి కారులో వెళ్లేవాళ్లకు సింహద్వారం, చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం, భోగాపురం, తగరపువలస మీదుగా ఆనందపురం దాకా హైవే సాఫీగానే సాగుతుంది. పైడిభీమవరం దగ్గర ఫ్యాక్టరీల షిఫ్ట్ మారే వేళల్లో బస్సులు, బైకులు ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి, అక్కడ పది నిమిషాలు వేసుకోండి.

అసలు సమయం తినేది ఆనందపురం తర్వాత. మధురవాడ, హనుమంతవాక మీదుగా సిటీలోంచి వెళ్తే ఉదయం 8 నుంచి 11 మధ్య, సాయంత్రం 5 నుంచి 9 మధ్య ఎన్ని సిగ్నళ్ల దగ్గర ఆగాల్సి వస్తుందో చెప్పలేం. ఆ వేళల్లో ఆనందపురం దగ్గర పెందుర్తి బైపాస్ ఎక్కి, వేపగుంట, గోపాలపట్నం మీదుగా ఎన్ఏడీ వైపు రావడం నయం. దూరం కొంచెం ఎక్కువ కనబడినా సమయం ఇంత అని ముందే చెప్పగలం, విమానం అందుకోవడానికి అదే కావాలి. విజయనగరం నుంచి కొత్తవలస, పెందుర్తి మీదుగా వచ్చేవాళ్లు కూడా సిటీలో పడకుండానే చేరతారు.

నేను వేసే అంకెలు ఇవి:

- శ్రీకాకుళం టౌన్ నుంచి కారులో: రెండున్నర గంటలు
- విజయనగరం నుంచి కారులో: గంటన్నర నుంచి గంటా ముప్పావు
- టెక్కలి, పలాస నుంచి: శ్రీకాకుళం లెక్కకు గంట నుంచి గంటన్నర కలపండి
- బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి: విజయనగరం లెక్కకు గంటన్నర నుంచి రెండున్నర గంటలు కలపండి

తెల్లవారుజామున వెళ్తే ఇంతకంటే త్వరగానే చేరతారు. అయినా లెక్కలో తగ్గించకండి.

బస్సులో వెళ్లేవాళ్లు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి ఎయిర్‌పోర్ట్‌కి ఆటో పట్టుకోవాలి, దానికి ఇంకో ముప్పావుగంట. రైలులో వెళ్లేవాళ్లు రెండు విషయాలు చూసుకోండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, టౌన్ నుంచి సుమారు 13 కిలోమీటర్లు, ఆ అరగంట లెక్కలో ఉండాలి. రెండోది, కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి వెళ్లకుండా దువ్వాడ మీదుగా పోతాయి, అలాంటి రైలెక్కితే దువ్వాడలో దిగాలని ముందే తెలిసి ఉండాలి. నా మాటైతే, విమానం అందుకోవడానికి రైలును నమ్ముకుంటే అది విమానానికి కనీసం ఐదు గంటల ముందు విశాఖ చేరేదై ఉండాలి.

7. వెనక నుంచి లెక్క కట్టండి

ఇది ఈ మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు. విమానం సమయం దగ్గర మొదలుపెట్టకుండా, మీరు చేరాల్సిన సమయం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి.

శ్రీకాకుళం అమ్మాయికి హైటెక్ సిటీలో మధ్యాహ్నం 2 గంటలకు ఇంటర్వ్యూ ఉందనుకుందాం.

- 1:30: ఆఫీసు దగ్గర ఉండాలి
- 12:30: దారిలో ఏం జరిగినా తట్టుకోవడానికి ఒక గంట ఖాళీ
- 11:15: శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ బయట క్యాబ్ ఎక్కాలి (హైటెక్ సిటీకి గంటంపావు)
- 10:45: విమానం దిగాలి (బ్యాగ్‌కి, బయటికి నడవడానికి అరగంట)
- 9:30: విశాఖలో విమానం లేవాలి
- 9:05: గేటు మూసేస్తారు, 25 నిమిషాల ముందు
- 8:30: బ్యాగ్ తీసుకునే కౌంటర్ మూసేస్తారు, చాలా ఎయిర్‌లైన్లలో గంట ముందు
- 7:45: ఎయిర్‌పోర్ట్ గుమ్మం దగ్గర ఉండాలి
- 5:15: శ్రీకాకుళంలో కారు కదలాలి

ఉదయం 5:15 నుంచి మధ్యాహ్నం 1:30 దాకా ఎనిమిదింబావు గంటలు. అందులో విమానంలో కూర్చునేది గంటంపావు. ఇంట్లో ‘ఫ్లైటేటి, గంటలో వెళ్లిపోద్ది కదా’ అనేవాళ్లకు ఈ కాగితం చూపించండి.

ఇదే లెక్క రాత్రి రైలుతో కూడా కట్టి పక్కన పెట్టండి. ఆమదాలవలసలో సాయంత్రం ఎక్కి పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగితే గంటలు ఎక్కువే, కానీ ఆ గంటల్లో నిద్రపోతారు, ఇంటర్వ్యూకి చాలా ముందే ఊళ్లో ఉంటారు. బెర్త్ కన్ఫర్మ్ అయి ఉంటే హైదరాబాద్‌కి శ్రీకాకుళం వాళ్లకు రైలే మేలని నా అభిప్రాయం. విజయనగరం వాళ్లకు రెండూ దాదాపు సమానం. బెంగళూరు, ఢిల్లీ, ముంబై అయితే విమానమే.

8. మధ్యలో విమానం మారాల్సి వస్తే

ఒకే పీఎన్ఆర్ మీద రెండు విమానాలు ఉంటే మొదటిది ఆలస్యమైనా రెండో దాని బాధ్యత ఎయిర్‌లైన్‌దే, బ్యాగ్ కూడా చాలాసార్లు నేరుగా వెళ్తుంది. వేర్వేరుగా కొన్న రెండు టికెట్లయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో టికెట్ డబ్బు పోయినట్టే. రెండు మూడు వేలు మిగులుతాయని విడివిడిగా కొనేవాళ్లు గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లలో చాలామంది ఉన్నారు. వీసా గడువు, కొత్త ఉద్యోగంలో చేరే తేదీ దగ్గర పడినప్పుడు ఆ పని చేయకండి.

నేను కనీసంగా ఉంచమనే వ్యవధి:

- దేశీయం నుంచి దేశీయం, ఒకే టికెట్: 2 గంటలు
- దేశీయం నుంచి అంతర్జాతీయం, ఒకే టికెట్: 3 నుంచి 4 గంటలు
- వేర్వేరు టికెట్లు, అంతర్జాతీయం: 6 గంటలు

హైదరాబాద్‌లో అంతా ఒకే టెర్మినల్ కాబట్టి కొంత నయం. ఢిల్లీ, ముంబైలలో దిగే టెర్మినల్, ఎక్కే టెర్మినల్ వేరైతే మధ్యలో రోడ్డు ప్రయాణం ఉంటుంది, దానికి ఇంకో గంట కలపండి.

9. కాలాన్ని బట్టి ఎంత కలపాలి

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తీరానికి తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ ఎయిర్‌పోర్ట్‌ను దెబ్బతీసినప్పుడు కొన్ని రోజులు విమానాలే లేవు. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోడ్ల మీద చెట్లు పడి ఊళ్లలోంచి బయటికి రావడమే కష్టమైంది. ఈ నెలల్లో తప్పనిసరి పని ఉంటే ఒకరోజు ముందే చేరేలా టికెట్ కొనండి. వాయుగుండం వార్త వచ్చిందంటే ముందురోజే విశాఖలో బంధువుల ఇంటికి చేరుకోండి.

డిసెంబర్, జనవరిలో ఢిల్లీ పొగమంచు. మీ విమానం విశాఖలోదే అయినా, అదే విమానం పొద్దున్న ఢిల్లీ నుంచి రావాల్సి ఉంటే ఇక్కడ కూడా ఆలస్యమే. ఆ నెలల్లో ఢిల్లీకి ఉదయం విమానం కంటే మధ్యాహ్నం విమానం నమ్మకం.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు, అరసవల్లిలో రథసప్తమి రోజు ఊరు దాటడానికే గంట పట్టొచ్చు. సంక్రాంతికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు హైవే మీద కూడా అంతే.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణ

*గేటు సమయాన్ని విమాన సమయం అనుకోవడం.* 9:30 విమానానికి 9:10కి గేటు దగ్గరికి వెళ్తే విమానం కళ్లముందే ఉన్నా ఎక్కనివ్వరు. కాగితం మీద విమాన సమయం కొట్టేసి, గేటు మూసే సమయాన్ని పెద్దగా రాసుకోండి.

*పాత సమయాన్నే నమ్మడం.* మూడు నెలల ముందు కొన్న టికెట్ సమయం మారి ఉండొచ్చు. ఏజెంట్ తన ఫోన్ నంబరు ఇచ్చి కొంటే మార్పు మెసేజ్ ఆయనకే వెళ్తుంది, మీకు రాదు. టికెట్‌లో మీ నంబరే పెట్టించండి.

*ఆ విమానం అలవాటు చూడకపోవడం.* విమానాలను చూపించే యాప్‌లో మీ ఫ్లైట్ నంబరు కొడితే గత వారం రోజులూ ఎన్నింటికి దిగిందో వస్తుంది. ఆ ఏడింటిలో బాగా ఆలస్యమైన దాన్ని వదిలేసి, దాని తర్వాతి దాన్ని మీ దిగే సమయంగా వేసుకోండి.

*బ్యాగ్ తెరిపించుకోవడం.* చెకిన్ బ్యాగ్‌లో పవర్ బ్యాంక్ పెడితే తీయించే దాకా వదలరు, దాన్ని చేతి బ్యాగ్‌లోనే ఉంచాలి. ఆవకాయ జాడీ చేతి బ్యాగ్‌లో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపొచ్చు, గట్టిగా ప్యాక్ చేసి చెకిన్‌లో వేయండి. ఉద్దానం నుంచి ఎండు కొబ్బరి పట్టుకెళ్లేవాళ్లు చాలామంది, కానీ నూనె వల్ల అంటుకునే గుణం ఉందని దాన్ని విమానంలోకి అనుమతించరు. కౌంటర్ దగ్గర ఇవన్నీ బయటికి తీస్తూ కూర్చుంటే పోయేది సరిగ్గా మీకు లేని ఆ ఇరవై నిమిషాలే.

*ఇంటిపేరు గొడవ.* టికెట్ మీద పేరు, ఆధార్ లేదా పాస్‌పోర్ట్ మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే ఇంట్లో ఉండగానే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి సరిచేయించుకోండి.

11. ముందురోజు రాత్రి చూసుకోవాల్సినవి

- ఫ్లైట్ సమయం, ఎయిర్‌పోర్ట్, టెర్మినల్ మళ్లీ ఒకసారి చూశారా
- వెబ్ చెకిన్ అయిందా, బోర్డింగ్ పాస్ ఫోన్‌లో సేవ్ అయిందా
- డిజి యాత్ర (ముఖం చూపించి లోపలికి వెళ్లే యాప్) పెట్టుకుంటే గుమ్మం దగ్గర క్యూ తగ్గుతుంది, బోర్డింగ్ పాస్ అందులో ఎక్కించారా
- కారు డ్రైవర్‌కి తేదీ, వారం, సమయం మూడూ చెప్పి ఆయన చేత తిరిగి చెప్పించారా
- ఫాస్టాగ్‌లో డబ్బుందా
- గుర్తింపు కార్డు చేతి బ్యాగ్‌లోనే ఉందా

12. అన్నీ సరిగ్గా చేసినా విమానం ఆలస్యమైతే

మీరు సమయానికి చెకిన్ అయి ఉంటేనే ఇవి వర్తిస్తాయి. టికెట్ మీది ప్రయాణ సమయం రెండున్నర గంటల లోపు ఉన్న విమానం రెండు గంటలు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యమైతే ఎయిర్‌లైన్ భోజనం, ఫలహారం ఇవ్వాలి. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణమైతే మూడు గంటల ఆలస్యం నుంచి. విశాఖ నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ మామూలుగా మొదటి కోవలోకే వస్తాయి. ఆరు గంటలు దాటే ఆలస్యమైతే వేరే విమానం గానీ, పూర్తి డబ్బు వాపసు గానీ అడగొచ్చు. ఇవి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నిబంధనలు. కౌంటర్ దగ్గర మర్యాదగా, గట్టిగా అడగండి. బోర్డు మీద ఆలస్యం చూపిస్తున్న సమయాన్ని ఫోటో తీసి ఉంచుకోండి, తర్వాత డబ్బు అడిగేటప్పుడు అదే పనికొస్తుంది.